పుస్తకం వచ్చింది, చదివే బృందమేది?



కంప్యూటరును గురించి తెలుగులో కొత్త పుస్తకం వెలువడిందని ఎక్కడైనా చదివినప్పుడు నాకు ముందు సంతోషము, ఆ వెంటనే ఒక సందేహము కలుగుతాయి. ఆ పుస్తకం మా హట్టి దాకా వస్తుందా? వచ్చినా, దానిని యంత్రం పక్కన తెరిచి పెట్టుకొని, పుట వెంట పుట చేసి చూసేవారెవరు? అలాగే హైదరాబాదులోనో బెంగుళూరులోనో సాంకేతిక సభ జరిగిందని తెలిసినప్పుడు, అక్కడ చెప్పిన మాటల్లో ఎన్ని మా లింగసుగూరు తాలూకాకు చేరుతాయి అనిపిస్తుంది.

నేను చెప్పదలచిన విషయం ఒక్కటే. సాంకేతిక గ్రంథం కావ్యం వంటిది కాదు. కావ్యాన్ని ఒంటరిగా చదివి ఆనందించవచ్చు. సాంకేతిక గ్రంథాన్ని నలుగురు కలిసి చదవాలి, చేసి చూడాలి, తప్పులు పట్టాలి, రచయితకు తెలియజేయాలి. వాడుకరుల బృందం లేని చోట అటువంటి పుస్తకం అటక ఎక్కుతుంది. పుస్తకం లేని చోట బృందం కబుర్లతో ముగుస్తుంది. ఈ రెండింటినీ ఒకచోట చేర్చే పని తెలుగు బడి చేయగలదని, సరిహద్దులోని తెలుగు బడి తప్పక చేయాలని నా అభిప్రాయం.

ఇందులో నాకింత పట్టింపు ఎందుకో మనవి చేస్తాను.

మా ఊరు బంగారు గనుల ఊరు. 1956 నవంబరు 1 వరకు మా రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఆనాటి నుండి కన్నడ రాష్ట్రంలో ఉన్నది. గనిలో పనికి నలుదిక్కుల నుండి వచ్చిన కుటుంబాలలో తెలుగు ఇళ్ళు కూడా ఉన్నాయి. 2007లో, భూగర్భంలో పనిచేసే ఒక తండ్రి ఐదవ తరగతి చదువుతున్న తన కొడుకు బదిలీ పత్రం కోసం నా దగ్గరకు వచ్చాడు. ఎందుకయ్యా అని అడిగితే, "తెలుగు చదివితే కంప్యూటరు ఎట్ల వస్తది సార్? మా బతుకు గుంతలనే పాయె, పిల్లగాడన్న పైన కూసోని పని చెయ్యాలె గద" అన్నాడు. నేను సమాధానం చెప్పలేకపోయాను. తెలుగు రాకపోతే చదువు నిలవదని చెప్పవచ్చు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతున్నదనీ అనవచ్చు. అతడు అడిగినది అది కాదు. కంప్యూటరు మీద నా పేరు తెలుగులో రాయడం నాకే ఆనాడు రాదు. పత్రం మీద సంతకం చేసి ఇచ్చాను.

నేను టి.సి.హెచ్. శిక్షణ పొందిన కాలంలో మా శిక్షణాలయంలో కంప్యూటరు లేదు. ఆ తరువాత కూడా దానిని గుమాస్తాల వస్తువుగానే భావించాను. ఒకసారి మా తెలుగు ప్రశ్నపత్రాన్ని పట్టణంలో టైపు చేయించి పై కార్యాలయానికి పంపితే, అక్కడి యంత్రంలో అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు కనిపించాయట. "మీ తెలుగు కంప్యూటరుకు పనికిరాదండీ" అని కబురు వచ్చింది. లోపం తెలుగుది కాదు, ఆ టైపు చేసిన ఖతికి తప్ప మరెవరికీ తెలియని సంకేతాలదని నాకు చెప్పేవారు ఆనాడు లేరు.

2009 డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శనకు వెళ్ళినప్పుడు ఈ-తెలుగు వారి స్టాలు ముందు నిలబడ్డాను. కంప్యూటరులో తెలుగు ఎలా రాయాలో ఆ యువకులు పావుగంటలో చూపించి ఒక కరపత్రం ఇచ్చారు. ఆ కరపత్రమే నా మొదటి సాంకేతిక గ్రంథం. కాని ఇంటికి వచ్చి తెరిస్తే మూడవ మెట్టు దగ్గర ఆగిపోయాను. అడగడానికి పక్కన ఎవరూ లేరు. వారం రోజులు అవస్థపడిన తరువాత, గనిలో ఎలక్ట్రీషియనుగా చేసి విరమించిన ఒక పెద్దాయన చూసి, యంత్రంలో భారతీయ భాషల సదుపాయాన్ని ఎక్కించనే లేదని కనిపెట్టారు. పుస్తకానికి తోడు మనిషి కావాలని నాకు ఆనాడే తెలిసింది.

ఈ సత్యం లోకానికి కొత్త కాదు. 1975 మార్చి 5న అమెరికాలోని మెన్లో పార్కులో ఒక ఇంటి కారు షెడ్డులో కొందరు ఔత్సాహికులు సమావేశమయ్యారు. హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు అలా పుట్టింది. ఆపిల్ తొలి కంప్యూటరును రూపొందించిన స్టీవ్ వోజ్నియాక్ ఆ క్లబ్బు సభ్యుడే. తరువాతి కాలంలో ఇటువంటి బృందాల విలువను ప్రచురణకర్తలు గుర్తించారు. ఒరైలీ వంటి సంస్థలు వాడుకరుల బృందాలకు కొత్త పుస్తకాల వివరాలు, జరగబోయే సభల సమాచారం పంపేవి. సభ్యులకు తగ్గింపు ధరలు, సమీక్ష కోసం ప్రతులు ఇచ్చేవి. పాఠకులు పట్టిన తప్పులు తరువాతి ముద్రణలో దిద్దబడేవి. మన దగ్గర బెంగుళూరులో 2001లో మొదలైన లినక్సు సభలు, తరువాత ఫాస్ డాట్ ఇన్ అనే పేరుతో 2012 వరకు సాగినవి, ఇటువంటి బృందాల బలంతోనే నడిచాయి.

తెలుగులో ఇటువంటి కృషి జరగలేదా? జరిగింది, చాలా జరిగింది. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే పద్ధతిని ఏర్పరచారు. కెనడాలోని దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే ఖతులను రూపొందించి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టారు. 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చింది. స్వేచ్ఛ సంస్థ వారు ఉచిత సాఫ్టువేరుకు తెలుగు మాటలు నేర్పారు. 2011లో అమెరికాలో తొలి అంతర్జాతీయ తెలుగు అంతర్జాల సదస్సు జరిగింది. తరువాత వచ్చిన మండలి, సురవరం, గురజాడ, ధూర్జటి వంటి ఖతులను ఎవరైనా ఈనాటికీ ఉచితంగా దించుకోవచ్చు.

ఈ జాబితాను మరొకసారి చూడండి. పనిముట్లు ఉన్నాయి, సభలు ఉన్నాయి, త్యాగబుద్ధి గల మనుషులు ఉన్నారు. వీటికి సమానమైన పుస్తకాల వరుస ఉన్నదా? 2001లో మొదలైన కంప్యూటర్ ఎరా పత్రిక వంటివి నెల నెలా తెలుగులో సాంకేతిక విషయాలు అందించాయి. ఆచార్య వేమూరి వేంకటేశ్వరరావు గారు తెలుగులో శాస్త్రం రాయవచ్చని దశాబ్దాల పాటు రాసి చూపించారు. అయినా పదేళ్ళ పిల్లవాడు మొదటి నుండి చివరి దాకా చేసుకుంటూ పోగల తెలుగు పుస్తకం ఒకటి చెప్పండి అంటే నేను తడుముకుంటాను. సభలు నగరాలలో జరుగుతాయి. పుస్తకాలు అరుదుగా వస్తాయి. వచ్చిన పుస్తకానికి, దాని పాఠకునికి మధ్య ఎవరూ ఉండరు.

మా వంటి సరిహద్దు ఊళ్ళలో ఈ కొరత రెండింతలు. అయితే మాకొక అదృష్టం కూడా ఉన్నది. మాకు సమీపంలోని మస్కిలో 1915లో బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు అశోకుని శాసనాన్ని కనుగొన్నాడు. అశోకుని పేరు స్పష్టంగా బయటపడిన తొలి శాసనం అది. అందులోని బ్రాహ్మీ లిపి నుండే కాలక్రమాన తెలుగు, కన్నడ లిపులు రెండూ రూపొందాయి. ఆ చుట్టరికం నేటి కంప్యూటరులోనూ నిలిచింది. యూనికోడులో తెలుగుకు 3072 నుండి 3199 వరకు, ఆ వెంటనే కన్నడకు 3200 నుండి 3327 వరకు స్థానాలు కేటాయించారు. తెలుగు 'అ' సంఖ్య 3077, కన్నడ 'అ' సంఖ్య 3205. తెలుగు 'క' 3093, కన్నడ 'క' 3221. తేడా ఎప్పుడూ 128. ఈ విషయాన్ని నల్లబల్ల మీద రాసినప్పుడు నా విద్యార్థిని ఒకతె, "అయితే 128 కూడితే తెలుగు కన్నడం అవుతుంది గదా సార్!" అన్నది. లిపి మారుతుంది, భాష మారదని చెప్పాను. కాని ఆ పిల్ల అన్నది సామాన్యమైన మాట కాదు. అదొక ప్రోగ్రాముకు మొదటి వాక్యం. అటువంటి అభ్యాసం ఉన్న తెలుగు పుస్తకం ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. దానిని రాయవలసినది రెండు లిపుల మధ్య బతికే మనమే కాదా?

ఇక్కడ కన్నడిగుల కృషిని గౌరవంతో తలచుకోవాలి. శేషాద్రివాసు గారి బరహ 1998లోనే వచ్చింది. అది తరువాత తెలుగుకు కూడా ఉపయోగపడింది. కన్నడ గణక పరిషత్తు తయారుచేసిన నుడి ప్రభుత్వ కార్యాలయాలలో వాడుకలోకి వచ్చింది. పవనజ గారు పిల్లలకు ప్రోగ్రామింగు నేర్పే లోగోకు కన్నడ రూపం ఇచ్చారు. పొరుగువారిని చూసి ఈర్ష్య పడనక్కరలేదు. వారి దగ్గర కూర్చుని నేర్చుకోవడానికి మాకంటె దగ్గరివారెవరు?

కొందరు మిత్రులు ఆక్షేపిస్తారు. కంప్యూటరు విద్య అంతా ఇంగ్లీషులోనే ఉన్నది కదా, తెలుగు పుస్తకం ఎందుకు అంటారు. ఇంగ్లీషు నేర్వవద్దని నేను అనను. కాని పదేళ్ళ వయసులో కొత్త భాషను, కొత్త విద్యను ఒకేసారి నెత్తికెత్తితే, బిడ్డ రెండింటికీ భయపడతాడు. ముందు విషయం మాతృభాషలో తెలిస్తే, దాని ఇంగ్లీషు పేరు నేర్వడం తేలిక.

ఫోనులో వీడియోలున్నవి, ఏది అడిగినా చెప్పే కృత్రిమ మేధ వచ్చింది, ఇంకా పుస్తకమా అనేవారూ ఉన్నారు. వీడియో చూసినవాడు చూసినంత వరకే చేస్తాడు, ఒక అడుగు తప్పితే తిరిగి మొదటికి వస్తాడు. ఇక ఆ యంత్రం తప్పును కూడా ధీమాగా చెబుతుంది. ఒంటరి బాలుడు దానిని నమ్ముతాడు. నలుగురు కూర్చున్న చోట ఒకరైనా అనుమానిస్తారు. పైగా యంత్రం తెలుగును మనం రాసిన దాని నుండే నేర్చుకోవాలి. ఇంజనీరింగు విద్యార్థుల చేత పాత తెలుగు కథలను సేకరింపజేసి యంత్రానికి కథలు నేర్పే పనిని స్వేచ్ఛ వారు తలపెట్టినది ఇందుకే. కథలున్నాయి కనుక కథలు నేర్పగలిగారు. సాంకేతిక విషయాలను మంచి తెలుగులో మనం రాయకపోతే, రేపు యంత్రం మనకు అరువు తెలుగునే అప్పగిస్తుంది.

సాంకేతిక పుస్తకాలు త్వరగా పాతబడతాయనే మూడవ ఆక్షేపణ నిజమైనది. దానికి మందు బృందమే. పాతబడిన పుటకు కొత్త చీటీ అంటించేది వారే కదా.

మా తెలుగు పండితుల దోషం కూడా ఒకటున్నది, దాచను. నోరు తిరగని సమాసాలు కూర్చి, అవే పారిభాషిక పదాలని పిల్లల మీద రుద్దాము. మీట అనే మాటను మా పిల్లలు ఒక్క రోజులో అందుకున్నారు. గణన యంత్రం అంటే నవ్వారు, కంప్యూటరు అన్నారు. వారి తీర్పు సరైనదే.

ఇప్పుడు మేము చేస్తున్నది చెబుతాను. శనివారం మా బడి ఒంటిపూట. మధ్యాహ్నం ఏడుగురు పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు, నేను చెప్పిన ఆ పెద్దాయన కలిసి రెండు గంటలు కూర్చుంటాము. ఉన్నవి రెండు పాత కంప్యూటర్లు. ఒకరు పుస్తకం పైకి చదువుతారు, ఒకరు చేస్తారు, తక్కినవారు చూస్తారు, తరువాత చోట్లు మారతారు. ఆగిపోయిన చోట పుట అంచున గీత గీస్తాము. ఒక చిన్న పుస్తకంలో అటువంటి చోట్లు పదకొండు వచ్చాయి. రచయితకు ఉత్తరం రాస్తే ఆయన ఫోను చేసి, "ఇన్నాళ్ళకు నా పుస్తకం ఎవరో చదివారండీ" అన్నారు. నాకు ఏమనాలో తోచలేదు.

మూడు వరుసల పదాల నోటుపుస్తకం ఒకటి పెట్టాము. తెలుగులో దస్త్రం, కన్నడంలో కడత, ఇంగ్లీషులో ఫైలు. మీటల పలక, కీలిమణె, కీబోర్డు. అంతర్జాలం దగ్గర తెలుగు, కన్నడ వరుసలు రెండూ ఒక్కటయ్యేసరికి పిల్లలు చప్పట్లు కొట్టారు.

కావున నా విన్నపాలు మూడు. తెలుగులో సాంకేతిక పుస్తకాలు వేసే ప్రచురణకర్తలు అచ్చుకు ముందే రెండు మూడు బడులకు నకలు ప్రతులు పంపి, పిల్లలు ఎక్కడ ఆగారో తెలుసుకోవాలి. సభలు జరిపేవారు ఏడాదికి ఒక్కసారైనా రాయచూరు, బళ్ళారి, కోలారు వంటి చోట్లకు రావాలి. రాలేకపోతే సభలో నేర్పినదానిని పది పుటల తెలుగు పుస్తకంగా వేసి పంపాలి. తోటి ఉపాధ్యాయులు ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడక ఒక శనివారం మొదలుపెట్టాలి. మా గనిలో టన్ను రాయి పిండి చేస్తే కొన్ని గ్రాముల బంగారం వస్తుంది. రాయి ఎక్కువగా ఉన్నదని ఎవరూ గని మూయలేదు.

బదిలీ పత్రం తీసుకొని వెళ్ళిన ఆ పిల్లవాడు నేడు బెంగుళూరులో సాఫ్టువేరు ఉద్యోగి. సంతోషమే. నిరుడు నాకు ఫోను చేశాడు. వాళ్ళ నాన్న విరమించి ఇంట్లో ఉన్నాడట, ఇటీవల చెవి సరిగా వినపడదట, తెలుగు తప్ప మరొకటి చదవలేడట. "నాన్నకు ఫోనుల తెలుగుల ఎట్ల రాయాలె సార్? నాకు అక్షరాలు మతికి లేవు" అని అడిగాడు. శనివారం రమ్మన్నాను. వచ్చాడు. పిల్లల మధ్య కూర్చుని గంటసేపు రాశాడు. వత్తులు నేర్పినది మా ఆరవ తరగతి అమ్మాయి.

స్వస్తి.