పెట్టుబడికి రాచబాట, మనిషికి చెక్‌పోస్టు

2025 సెప్టెంబర్ 21 ఎంగిలిపూల బతుకమ్మ. కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ అపార్ట్‌మెంట్లలో ఆడవాళ్లు తంగేడు, గునుగు పేరుస్తున్న ఆ రోజే, కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులపై అమెరికా విధించిన లక్ష డాలర్ల రుసుము అమల్లోకి వచ్చింది. అధ్యక్షుడు ట్రంప్ ఆ ఉత్తర్వుపై సంతకం చేసింది 19న. రుసుము ఏటా కట్టాలా, ఒక్కసారేనా, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ల సంగతేమిటి అన్నది శ్వేతసౌధం మర్నాడు వివరణ ఇచ్చేదాకా ఎవరికీ అంతుబట్టలేదు. ఈలోగా సెలవు మీద ఇంటికొచ్చినవాళ్లు పండగ వదిలేసి విమాన టికెట్ల కోసం పరుగులు తీశారు.

ఈ నిర్ణయంతో కుటుంబాలు ఇబ్బందుల పాలై మానవతా సమస్యలు తలెత్తవచ్చని ఢిల్లీలో విదేశాంగ శాఖ ఒక ప్రకటన చేసింది. అమెరికాలో పిల్లలున్న ఇళ్లు అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లో రెండు మనవే. ఆ రెండు ప్రభుత్వాలకూ ఈ విషయం మీద మాట్లాడే వేదిక అంటూ ఏదీ లేకపోయింది. ఇది ఎంత విచిత్రమైన పరిస్థితో చూడండి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా మన ప్రభుత్వాల బృందాలు దావోస్ వెళ్తాయి. 2025 జనవరిలో తెలంగాణ బృందం అక్కడి నుంచి 1.78 లక్షల కోట్ల రూపాయల ఒప్పందాలతో తిరిగొచ్చింది. విదేశీ వ్యవహారాలు కేంద్ర జాబితాలో ఉన్నా, హైటెక్ సిటీ పుట్టినప్పటి నుంచీ హైదరాబాద్‌కు సొంత దౌత్యం ఒకటి నడుస్తూనే ఉంది. దానివల్ల నగరం బాగుపడిందన్నది కాదనలేని నిజం. అయితే ఆ దౌత్యం అడిగిందల్లా పెట్టుబడినే. పెట్టుబడి సరిహద్దులు దాటుతున్నప్పుడు మనిషి శ్రమ ఎందుకు దాటకూడదన్న ప్రశ్న అభివృద్ధి చెందుతున్న దేశాలది. ఆ ప్రశ్నతో ముడిపడిన బతుకులు తెలుగు నేల మీద లక్షల్లో ఉన్నా, మన నాయకత్వం దాన్ని తన ప్రశ్నగా ఎన్నడూ ఎత్తుకోలేదు.

పెట్టుబడి కోసం మన నాయకులు ఎంత పట్టుదలగా పనిచేయగలరో 1998 చూపించింది. ఆ మే నెలలో పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిగాయి. అమెరికా ఆంక్షలు విధించింది. ప్రాథమిక మానవావసరాలకు తప్ప భారత్‌కు ప్రపంచ బ్యాంకు రుణాలు వద్దని జీ-7 దేశాలు పట్టుబట్టాయి. పలు ప్రాజెక్టుల రుణాలు వాయిదా పడ్డాయి. సరిగ్గా ఆ రోజుల్లో, జూన్ చివరి వారంలో, ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్వ్యవస్థీకరణ పథకానికి ప్రపంచ బ్యాంకు 540 మిలియన్ డాలర్లకు పైగా మంజూరు చేసింది. బడులు, ప్రాథమిక వైద్యం, పోషకాహారం అందులో ఉండబట్టి ఆ పథకం ఆంక్షల గీత దాటగలిగింది. అంతకుముందు ఏడాదే చంద్రబాబు నాయుడు ఢిల్లీలో బిల్ గేట్స్‌ను కలిసి వచ్చారు. 1998లోనే మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం హైదరాబాద్‌కు వచ్చింది. నవంబర్ 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. దేశం మీద ఆంక్షలున్న ఏడాదిలో ఒక రాష్ట్రం ఇంత సాధించుకుంది.

2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చారు. కంప్యూటర్లతో ప్రజలకు సేవలెలా అందిస్తున్నామో ముఖ్యమంత్రి ఆయనకు వివరించారు. సాంకేతికత అందినవాళ్లకూ అందనివాళ్లకూ మధ్య పెరుగుతున్న దూరం గురించి క్లింటన్ మాట్లాడారు. ఆ పర్యటన మన సంస్థలకు తెచ్చిన గుర్తింపు తక్కువది కాదు. ఏడు నెలలకు, అక్టోబర్‌లో, హెచ్‌-1బీ వీసాల పరిమితిని మూడేళ్ల పాటు ఏటా 1,95,000కు పెంచే చట్టంపై ఆయనే సంతకం చేశారు. రాష్ట్రంలో కొత్త ఇంజనీరింగ్ కాలేజీలు వెలుస్తున్న కాలమది. కానీ ఆ చట్టం కోసం పట్టుబట్టింది అమెరికన్ కంపెనీలు. గడువు తీరగానే 2004 ఆర్థిక సంవత్సరానికి పరిమితి తిరిగి 65,000కు పడిపోయింది. వచ్చినప్పుడు మన ప్రమేయం లేదు, పోయినప్పుడూ లేదు.

క్లింటన్ వచ్చిన ఏడాదే అంతర్జాతీయ సహకారం ఇంకో రూపంలో వీధిలోకి వచ్చింది. విద్యుత్ సంస్కరణల కోసం 1999 ఫిబ్రవరిలో ప్రపంచ బ్యాంకు తొలి విడత 210 మిలియన్ డాలర్ల రుణం ఇచ్చింది. దాని వెంట చార్జీల పెంపు వచ్చింది. 2000 ఆగస్టు 28న చలో అసెంబ్లీ ఊరేగింపుపై బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. క్లింటన్ పర్యటననూ బషీర్‌బాగ్ కాల్పులనూ వేర్వేరు కథలుగా చెప్పుకోవడం మనకు అలవాటైంది. నా దృష్టిలో రెండూ ఒకటే కథ. విదేశాలతో మాట్లాడేటప్పుడు, ఆ మాటల ఫలితం ఎవరి మీద పడుతుందో వాళ్లు ఆ గదిలో లేరు.

పని కోసం మనుషులు సరిహద్దు దాటే విషయంలో ఢిల్లీ ఆలోచన మాత్రం చాలా దూరం నడిచింది. 1986లో ఉరుగ్వేలో వాణిజ్య చర్చలు మొదలైనప్పుడు సేవల రంగాన్ని అసలు బల్ల మీదికే తేవద్దని బ్రెజిల్‌తో కలిసి భారత్ గట్టిగా అడ్డుపడింది. బ్యాంకింగ్, బీమా, టెలికాం పేరుతో ధనిక దేశాల కంపెనీలు మన సంస్థలను మింగేస్తాయన్న భయం అది. అప్పటి పరిస్థితుల్లో ఆ భయానికి ఆధారముంది. 1994 ఏప్రిల్ 15న మరకేష్‌లో సంతకాలు జరిగేనాటికి ప్రధాని పీఠం మీద ఉన్నది మన పి.వి.నరసింహారావు. ఆ ఒప్పందాల్లో సేవల వాణిజ్యానికి సంబంధించినది గాట్స్. ఒక దేశపు మనిషి మరో దేశానికి తాత్కాలికంగా వెళ్లి సేవ అందించడాన్ని అందులో మోడ్ 4 అంటారు. వద్దన్న ఒప్పందంలోనే మనకు పనికొచ్చే తలుపు ఒకటుందని గ్రహించిన భారత్, ఆ తర్వాత దోహా చర్చల్లో ఆ తలుపును ఇంకా తెరవాలని అడుగుతూ వచ్చింది. పార్టీలు మారినా ఈ వైఖరి మారలేదు.

ఇక్కడ ఒక వివరం తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. గాట్స్ కింద అమెరికా ఇచ్చిన హామీల పట్టికలో 65,000 అన్న అంకె ఉంది. ప్రత్యేక నైపుణ్యమున్న విదేశీ నిపుణులకు ఏటా అంతమంది దాకా తాత్కాలిక ప్రవేశం ఇస్తామని రాసిచ్చిన మాట అది. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నిలబడే పిల్లలకు ఆ అంకె లాటరీ టికెట్టులాగే తెలుసు. దాని వెనుక ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఒప్పందంలో ఉన్నదాన్ని అడగొచ్చు, నిలదీయొచ్చు. భారత్ ఒకసారి ఆ ప్రయత్నం చేసింది కూడా. ఉద్యోగుల్లో సగానికి మించి హెచ్‌-1బీ, ఎల్‌-1 వీసాల మీద ఉన్న కంపెనీలపై అమెరికా 2015 చివర్లో 4,000, 4,500 డాలర్ల అదనపు రుసుములు వేసింది. 2016 మార్చిలో ప్రపంచ వాణిజ్య సంస్థలో భారత్ ఫిర్యాదు చేసింది. ఆ కేసు సంప్రదింపుల దశ దాటలేదు. ఇప్పుడు దాటినా ఫలితం అనుమానమే. ఆ సంస్థలో అప్పీళ్లు వినే విభాగానికి కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబర్ నుంచి అది మూలపడింది.

ఫిర్యాదు చేసిన మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అమెరికా 'అమెరికా సరుకే కొనండి, అమెరికన్లకే ఉద్యోగమివ్వండి' అన్న ఉత్తర్వుతో హెచ్‌-1బీ నిబంధనలు బిగించడం మొదలుపెట్టింది. 2017 నవంబర్ 28న మాదాపూర్‌లోని హెచ్‌ఐసీసీలో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్ ఒకే వేదికపై ఉన్నారు. 150 దాకా దేశాల నుంచి వచ్చిన 1,500 మంది కూర్చున్నారు. మహిళా పారిశ్రామికవేత్తల గురించి మంచి చర్చే జరిగింది. కానీ ఆ హాలు చుట్టూ ఉన్న ఆఫీసుల్లో ఏ మాట కోసం చెవులు రిక్కించి వింటున్నారో, వీసా అన్న ఆ మాట సదస్సు ఎజెండాలోనే లేదు.

ఆ మాట విలువ తెలియాలంటే నానక్‌రాంగూడ వెళ్లాలి. 340 మిలియన్ డాలర్లతో కట్టి 2023 మార్చిలో తెరిచిన అమెరికా కాన్సులేట్ ముందు పొద్దున్నే కాసేపు నిలబడితే చాలు. ప్లాస్టిక్ ఫోల్డర్లలో పే స్లిప్పులు, క్లయింట్ లెటర్లు, పెళ్లి ఫొటోలు. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి కొడుకు ఫోను గుప్పిట్లో పెట్టుకుని గేటు వైపే చూస్తూ నిలబడే తండ్రులు. స్టాంపింగ్ స్లాట్ హైదరాబాద్‌లో దొరక్క చెన్నై వెళ్లొచ్చిన కథలు అక్కడి టీ కొట్టు దగ్గర రోజూ వినపడతాయి.

వీసా వచ్చాక కూడా అన్యాయం ఆగదు. దీని గురించి మన దగ్గర చర్చ దాదాపు శూన్యం. అమెరికాలో ఏడాదికి లక్ష డాలర్ల జీతం తీసుకునే మనిషి సామాజిక భద్రత పన్నుగా 6.2 శాతం, అంటే 6,200 డాలర్లు కడతాడు. కంపెనీ ఇంకో 6,200 కడుతుంది. ఆ పింఛనుకు అర్హత రావాలంటే 40 త్రైమాసికాలు, అంటే పదేళ్లు కట్టాలి. హెచ్‌-1బీ గడువు మామూలుగా ఆరేళ్లు. గ్రీన్ కార్డు దారి పట్టకుండా తిరిగొచ్చేసేవాడు ఆరేళ్లలో 37,200 డాలర్లు, కంపెనీ వాటా కలిపితే 74,400 డాలర్లు అక్కడే వదిలేసి వస్తాడు. జర్మనీ, ఫ్రాన్స్, జపాన్ వంటి దేశాలతో భారత్‌కు ఈ విషయంలో ఒప్పందాలున్నాయి. 2025 జులై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందంపై సంతకాలు జరిగినప్పుడు, అక్కడికి తాత్కాలికంగా వెళ్లే మన ఉద్యోగులకు మూడేళ్లు ఆ చెల్లింపు నుంచి మినహాయింపు ఇవ్వడానికి లండన్ ఒప్పుకుంది. అడిగితే కుదురుతుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? అమెరికాతో మాత్రం ఏళ్ల తరబడి మాటలే నడుస్తున్నాయి.

మనుషులు వెళ్లడమెందుకు, పనే ఇక్కడికొస్తోంది కదా అనే వాదన ఒకటుంది. దానిలో బలముంది. 2013-14లో 57,258 కోట్లున్న తెలంగాణ ఐటీ ఎగుమతులు 2023-24కు 2.68 లక్షల కోట్లు దాటాయి. ఆర్థిక జిల్లాలో అమెరికన్ కంపెనీల సొంత కేంద్రాలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్నాయి. అయితే ఆ కేంద్రాల భవిష్యత్తు కూడా వాషింగ్టన్ చట్టాలతోనే ముడిపడి ఉంది. విదేశాలకు అప్పగించే పనిపై 25 శాతం పన్ను వేయాలన్న బిల్లు 2025 సెప్టెంబర్‌లోనే అమెరికా సెనేట్‌లో దాఖలైంది. ఇలాంటి ఒక్క చట్టం నెగ్గితే రాయదుర్గంలో అద్దాల మేడలు కట్టిన అంచనాలన్నీ తలకిందులవుతాయి. అప్పుడు ఎవరితో మాట్లాడాలి, ఏమడగాలి అన్నది ముందే తెలిసుండాలి.

విదేశాలతో మాట్లాడే అధికారమేమో కేంద్రానిది. రాజ్యాంగం 253వ అధికరణ కింద, విదేశీ ఒప్పందాన్ని అమలు చేయడానికి రాష్ట్ర జాబితాలోని అంశంపై కూడా పార్లమెంటు చట్టం చేయవచ్చు. అంత అధికారం ఒకచోట ఉన్నప్పుడు సంప్రదింపులు కూడా అంతే బలంగా ఉండాలి. 2014లో విదేశాంగ శాఖలో రాష్ట్రాల విభాగం పెట్టారు. దాని పని చాలావరకు రాష్ట్రాలను విదేశాలతో అనుసంధానం చేయడం. కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చోవాల్సిన అంతర్రాష్ట్ర మండలి 2016 జులై తర్వాత సమావేశమే కాలేదు. యూరప్‌తో వాణిజ్య ఒప్పందం చర్చల్లో కెనడా తన రాష్ట్రాల ప్రతినిధులకు చోటిచ్చింది. అదే ఒప్పందాన్ని 2016 అక్టోబర్‌లో బెల్జియంలోని వల్లోనియా ప్రాంతీయ పార్లమెంటు కొన్ని రోజుల పాటు ఆపేసింది. మనకు ఆపే అధికారం అక్కర్లేదు. ముందుగా అడిగే పద్ధతి కావాలి.

ఐటీ ఉద్యోగి గురించే ఇంతసేపు మాట్లాడాను. శంషాబాద్ విమానాశ్రయంలో అతని పక్క వరుసలో నిలబడేది జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్ వెళ్లే కూలీ. మోడ్ 4 చర్చల్లో అతనికి చోటే లేదు. 2020 సెప్టెంబర్‌లో, కొవిడ్ కాలంలో, గల్ఫ్ వెళ్లే కార్మికులకు ఖరారు చేసిన కనీస వేతనాన్ని కేంద్రం 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఆ దేశాల్లో మనవాళ్ల ఉద్యోగాలు నిలబెట్టాలంటే జీతం తగ్గించక తప్పదన్నది దాని వెనుక ఆలోచన. దాన్ని సవాలు చేస్తూ తెలంగాణ హైకోర్టు మెట్లెక్కింది కార్మికుల తరఫున పనిచేసే కార్యకర్తలు. 2021లో కేంద్రం ఆ ఉత్తర్వులను వెనక్కి తీసుకుంది. దావోస్‌కు బృందాన్ని పంపగలిగిన ప్రభుత్వం ఆ కేసును తన కేసుగా భావించి ఉండాల్సింది. 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల పరిహారం ప్రకటించడం మంచి అడుగు. బతికుండగా అతని జీతం గురించి మాట్లాడేవాళ్లు కూడా కావాలి. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టుకుంది.

2025 ఫిబ్రవరిలో మోదీ, ట్రంప్ ప్రకటించిన ద్వైపాక్షిక వాణిజ్య ఒప్పందం మీద చర్చల్లో సుంకాలు, సోయా, పాలు, చమురు గురించే ఎక్కువగా వింటున్నాం. సామాజిక భద్రత చెల్లింపుల విషయాన్ని ఆ బల్ల మీదికి తేవాలని రెండు తెలుగు శాసనసభలూ తీర్మానాలు చేసి పంపవచ్చు. దానికి రాజకీయ విభేదాలేవీ అడ్డు రావు. తీర్మానంతో పాటు లెక్క కూడా పంపాలి. పదేళ్లు నిండకుండా తిరిగొచ్చిన తెలుగువాళ్లు ఎంతమంది, వాళ్లూ వాళ్ల కంపెనీలూ కలిసి అక్కడ వదిలేసింది ఎంత? ఆ వివరాలు మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల పేరోల్ రికార్డుల్లో ఉన్నాయి. రాష్ట్ర ఐటీ శాఖ ఒక లేఖ రాస్తే వస్తాయి.