వేడి లెక్క కూడా నేర్పాలి



సైన్స్ ఫెయిర్ రోజులు వచ్చాయంటే మన హాస్టళ్లలో ఏదో ఒక ఎలక్ట్రానిక్ నమూనా తయారవుతుంది. నూజివీడు ప్రాంతం మామిడికి పుట్టిల్లు కాబట్టి మన పిల్లలకు ముందుగా తోచేది తోటకు నీళ్లు పెట్టే యంత్రమే. మట్టిలో తేమ తగ్గితే మోటారు దానంతట అదే తిరగాలి, తేమ చాలితే ఆగాలి. ఆలోచన మంచిదే. బల్ల మీద పది నిమిషాలు చక్కగా పనిచేస్తుంది కూడా. తీరా న్యాయనిర్ణేతలు వచ్చే వేళకు ఆగిపోతుంది. వాళ్లు వెళ్లిన కాసేపటికి మళ్లీ తిరుగుతుంది! "వైరింగ్ లూజు" అనేవారు కొందరు, "హాస్టల్ పిల్లలకు ఇంతకంటే ఏం వస్తుంది" అనేవారు కొందరు. ఆ మాట విన్న పిల్లవాడు మరుసటి ఏడు పేరివ్వడు.

ఇలాంటి చోట చాలాసార్లు తప్పు వైరింగ్‌ది కాదు, పిల్లవాడి తెలివిది అసలే కాదు. తప్పు వేడిది. ఆ వేడికి ఏడో తరగతి పిల్లలు కూడా చేయగల లెక్క ఉంది. దాన్ని నేర్పకుండా కిట్లు చేతికివ్వడం సరికాదని మా అభిప్రాయం.

ఆ నమూనాల్లో 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఉంటుంది. ఎక్కువ వోల్టేజీ తీసుకుని 5 వోల్టులు ఇస్తుంది. మిగిలిన వోల్టేజీ ఎక్కడికి పోతుంది? వేడిగా మారుతుంది. లోపలికి వచ్చే వోల్టేజీ నుంచి 5 తీసివేసి, వాడే కరెంటుతో గుణిస్తే ఆ వేడి ఎన్ని వాట్లో వస్తుంది. 12 వోల్టులిచ్చి అర ఆంపియర్ వాడితే 7 × 0.5 = 3.5 వాట్లు. సర్క్యూట్‌కు ఉపయోగపడేది 2.5 వాట్లే. అంటే పనికి వచ్చిన దానికంటే వేడికి పోయిందే ఎక్కువ.

హీట్ సింక్ లేని 7805 ఒక్కో వాట్‌కు సుమారు 65 డిగ్రీలు వేడెక్కుతుంది. మన మే నెల ఎండ 40 డిగ్రీలనుకుంటే ఒక్క వాట్‌కే లోపల 105 అవుతుంది. 3.5 వాట్లంటే అది తట్టుకోలేదు. సుమారు 150 డిగ్రీల దగ్గర తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. "లూజు వైర్" అసలు కథ ఇదే.

ఇంకొక సంగతి. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కొని డయోడ్లు, కెపాసిటర్ పెడితే వచ్చేది 12 కాదు. 12ను 1.414తో గుణించి, డయోడ్ల వల్ల పోయే 1.4 తీసేస్తే 15.6 వోల్టులు. అప్పుడు అదే అర ఆంపియర్‌కు వేడి 5.3 వాట్లు!

మరి ఏం చేయాలి? ముందు వేడి పుట్టడం తగ్గించాలి, తర్వాతే దాన్ని బయటకు పంపడం గురించి ఆలోచించాలి. 9 వోల్టుల డీసీ అడాప్టర్ వాడితే 3.5 వాట్లు 2కు దిగుతుంది. 7805కు 7 వోల్టులకు పైన అందితే చాలు. 12 వోల్టుల బ్యాటరీయే వాడవలసి వస్తే పంపును, రిలేను 12 వోల్టులవే కొని నేరుగా దానికే కలపాలి, రెగ్యులేటర్ మీద భారం తగ్గుతుంది. ఎక్కువ కరెంటు కావాలంటే ఎల్ఎమ్ 2596 లాంటి స్విచింగ్ మాడ్యూల్ మేలు. సర్క్యూట్ అంతా 5 వోల్టులదే అయితే పాత ఫోన్ ఛార్జర్ చాలు, 7805 అవసరమే లేదు.

ఆ తర్వాత హీట్ సింక్. కంప్యూటర్ రిపేరు షాపులో పారేసే పాత పవర్ సప్లైలలో మంచి అల్యూమినియం ముక్కలు దొరుకుతాయి. పాత పవర్ సప్లై పెట్టెను మాత్రం పిల్లలు విప్పరాదు. ప్లగ్ తీసినా అందులోని కెపాసిటర్ షాక్ కొట్టవచ్చు. షాపువాళ్ల చేతే విప్పించుకోవాలి. ఒక జాగ్రత్త: 7805 వెనుక రేకు గ్రౌండ్‌కు కలిసి ఉంటుంది, ఎల్ఎమ్ 317 రేకు అవుట్‌పుట్‌కు కలిసి ఉంటుంది. రెండింటినీ ఒకే అల్యూమినియం ముక్కకు బిగించాలంటే మధ్యలో మైకా పెట్టాలి.

అన్నీ చేసి చివరకు గాలాడని డబ్బాలో మూత బిగిస్తే ఫలితం సున్నా. గడ్డిలో మాగవేసిన కాయలు లోలోపల వేడెక్కుతాయని మనకు తెలుసు. రెగ్యులేటర్‌దీ అదే దారి. డబ్బాకు కింద, పైన రంధ్రాలు పెట్టాలి, ఎండ పడని చోట ఉంచాలి.

ఫోన్ ఛార్జర్‌తో పని జరుగుతున్నప్పుడు ఈ లెక్కలెందుకని కొందరు అడగవచ్చు. పని జరగడం వేరు, ఎందుకు జరిగిందో చెప్పగలగడం వేరు. న్యాయనిర్ణేత "ఇది ఎందుకింత వేడిగా ఉంది?" అని అడిగినప్పుడు "మూడున్నర వాట్లు సార్, అందుకే" అని జవాబిచ్చే పిల్లవాణ్ని ఎవరూ తక్కువగా చూడలేరు. 2008లో మన నూజివీడులోనే ట్రిపుల్ ఐటీ వెలసింది. ఆ గేటు దాటాలనుకునే మన పిల్లలకు ఇలాంటి జవాబులే ధైర్యం.

బడిలో ల్యాబ్ ఉన్నా సాయంత్రం తాళం పడుతుంది. హాస్టల్ పిల్లవాడికి తీరిక దొరికేది ఆ తర్వాతే. అందుకే ప్రతి హాస్టల్‌కూ ఒక మల్టీమీటర్, ఒక సోల్డరింగ్ ఐరన్, నాలుగు రెగ్యులేటర్లు ఉన్న పనిముట్ల పెట్టె కావాలని వార్డెన్ గారిని, పూర్వ విద్యార్థులను కోరుతున్నాం. వార్షికోత్సవానికి వచ్చే అన్నలు, అక్కలు శాలువాలకు బదులు ఒక మల్టీమీటర్ తెస్తే మాకు అదే సన్మానం. ఒక పూట కూర్చుని ఈ లెక్క చెప్పి వెళితే ఇంకా సంతోషం.