మూడు బుట్టల టమోటాకు ఒక పిజ్జానా?

ఈ వారం ఎరువులు, తెగుళ్ల సంగతి కాస్త పక్కన పెట్టి తిండి సంగతి మాట్లాడుకుందాం. అదీ పిజ్జా సంగతి. "ఆ పట్నం తిండి మాకెందుకయ్యా" అని పేజీ తిప్పేయకండి. ఇందులో మన చేను ఉంది, మన జేబు ఉంది, మన పిల్లల ఆరోగ్యమూ ఉంది.

మొన్న ఒక టమోటా రైతు ఇంటికి వెళ్లాను. ఏడో తరగతి చదివే ఆయన కొడుకు పుట్టినరోజుకు పిజ్జా కావాలని పేచీ పెడుతున్నాడు. "మార్కెట్లో కిలో 4 రూపాయలకు అడుగుతున్నారన్నా. వీడికేమో 300 రూపాయల పిజ్జా కావాలంట" అన్నాడు ఆ రైతు. లెక్క వేసి చూడండి. 25 కిలోల బుట్టకు 100 రూపాయలు. ఒక్క పిజ్జా కొనాలంటే 3 బుట్టలు, అంటే 75 కిలోల కాయ అమ్మాలి. అదీ కోతకూలి, బాడుగ, కమీషన్ తీయకముందు మాట. మరి ఆ పిజ్జా మీద ఉండే టమోటా ఎంత? రెండు మూడు కాయలకు మించదు.

2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో 100 రూపాయలు దాటిన సంగతి మనకు తెలుసు. ధర పడినప్పుడు అదే కాయను రోడ్డు పక్కన పారబోయడమూ తెలుసు. ఇంట్లో పిజ్జా చేసుకుంటే మార్కెట్లో ధర పెరుగుతుందని నేను చెప్పబోవడం లేదు. పండించిన ఇంటికే కాయ దక్కడం లేదన్నదే నా బాధ. మొదటి రకం మండీకి పోతుంది, రెండో రకం చిల్లర వ్యాపారికి పోతుంది. పగిలిందీ పుచ్చిందీ మన కూరకుండకు వస్తుంది. క్యాప్సికం, బేబీకార్న్ పండించే ఇళ్లలో వాటి రుచి ఎరగని పిల్లలు ఉన్నారంటే నమ్మండి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లు రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి కిలోన్నర పైనే అన్నమాట. మన ఇళ్లలో అంత తింటున్నామా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

అసలు పిజ్జా అంటే ఏమిటి? ఇటలీలోని నేపుల్స్ పట్టణంలో బీదాబిక్కీ తిన్న రొట్టె అది. రొట్టె మీద దొరికిన టమోటా, వెల్లుల్లి, నూనె వేసి కాల్చుకునేవారు. మన దిబ్బరొట్టె మీద ఉల్లి, టమోటా ముక్కలు పరిచి మూత పెడితే అదీ ఆ కోవలోదే. దీనికి పెద్ద పొయ్యి అక్కర్లేదు. మందపాటి పెనం, దాని మీదికి సరిపోయే మూత ఉంటే చాలు.

చేసే పద్ధతి ఇది. పావుకిలో గోధుమపిండి లేదా సగం గోధుమ, సగం మైదా తీసుకోండి. చెంచా ఈస్ట్, చెంచా చక్కెర గోరువెచ్చని నీళ్లలో కలిపి పది నిమిషాలు ఉంచండి. నీళ్లు కాగితే ఈస్ట్ చచ్చిపోతుంది, జాగ్రత్త. నురుగు వచ్చాక పిండిలో పోసి, ఉప్పు, రెండు చెంచాల నూనె వేసి చపాతీ పిండి కంటే మెత్తగా కలపండి. తడిగుడ్డ కప్పి గంట, గంటన్నర ఉంచితే రెట్టింపు అవుతుంది. జొన్నపిండి, రాగిపిండి కలపాలనుకుంటే పావువంతుకు మించొద్దు. వాటికి సాగే గుణం లేదు, రొట్టె పొంగదు.

ఈలోగా నాలుగు పండు టమోటాలు ఉడికించి, తొక్క తీసి, వెల్లుల్లి, ఉప్పు, కారం వేసి గట్టిపడేదాకా దగ్గరకు రానివ్వండి. ఉల్లి, క్యాప్సికం సన్నగా తరిగి రెండు నిమిషాలు వేయించండి. పైన పరిచే టమోటాలో గింజలు తీసేయండి, లేకపోతే నీరు దిగి రొట్టె మెత్తబడుతుంది. పిండిని రెండు ముద్దలు చేసి, అరవేలు మందాన ఒత్తి, సన్నని మంట మీద ఒక వైపు కాల్చి తిప్పండి. కాలిన వైపు టమోటా గుజ్జు పూసి, కూరగాయలు, పైన చీజ్ తురుము వేసి మూత పెట్టండి. ఏడెనిమిది నిమిషాలకు తయారు. చీజ్ బదులు ఇంటి పాలు విరిచిన పనీర్ వేసుకోవచ్చు. అది కరగదు గానీ రుచికి లోటుండదు. చీజ్ కొన్నా రెండు పిజ్జాలకు 100 రూపాయల లోపే తేలుతుంది. ఈ పని కూడా ఆడవాళ్ల నెత్తినే వేయకండి. పిండి పిసకడానికి, కూరగాయలు తరగడానికి మగవాళ్ల చేతులూ పనికొస్తాయి.

ఇక అసలు మాటకొస్తున్నాను. ఆ రైతుకు ఈ పద్ధతి చెప్పగానే ఆయన భార్య క్యాప్సికం కోయడానికి లేచింది. ఆయన గబుక్కున అడ్డుకున్నాడు. "అవి వద్దు. నిన్ననే మందు కొట్టినా." నాకు నోట మాట రాలేదు. ఆ మర్నాడు అదే సాలు కోసి మండీకి పంపాలి మరి!

సోదరులారా, ఆయన్ని తప్పు పట్టి రాయడం లేదు. అప్పులు, పురుగు, ధర పడుతుందన్న భయం, అన్నీ నాకు తెలుసు. కానీ మన పిల్లాడికి పనికిరాని కాయ పట్నం పిల్లాడికి మాత్రం ఎలా పనికొస్తుంది? మందు కొట్టాక ఎన్ని రోజులకు కోయాలో డబ్బా మీద, దానితో వచ్చే కాగితంలో రాసి ఉంటుంది. కొన్నింటికి మూడు రోజులు, కొన్నింటికి వారం పైన. కాయలోకి ఇంకిన మందు నీళ్లతో కడిగితే పోదు. డబ్బా కొనేటప్పుడే దుకాణదారుని ఆ రోజులు అడిగి, గోడ మీది క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. కోతకు దగ్గరపడ్డ చేనికి తక్కువ రోజులు ఆగాల్సిన మందే అడగండి.

అందుకే ఈ వారం రెండు పనులు చేయమంటున్నాను. ఒకటి, పెరట్లోనో గట్టు వారనో రెండు సెంట్లలో టమోటా, క్యాప్సికం, వంగ, ఆకుకూరలు మందు లేకుండా ఇంటికోసం వేసుకోండి. రెండు, ఆ కాయతో ఒక ఆదివారం పిల్లలకు పిజ్జా చేసి పెట్టండి. తింటూ వాళ్లు "నాయనా, ఈ కాయ మనదేనా?" అని అడుగుతారు. అవునని ధైర్యంగా చెప్పగలగాలి. అమ్మే కాయ గురించి కూడా అంత ధైర్యంగా చెప్పగలిగిన రోజే మనం నిజమైన అన్నదాతలం.