బెలీజు: చమురు లైసెన్సులు

కరీబియను తీరమందలి బెలీజు చిన్నదేశము. సముద్రమున చమురు వెదకుటకై 2004, 2007 సంవత్సరములలో అచటి మంత్రులు కంపెనీలతో ఒడంబడికలు చేసికొనిరి. పోటీ టెండర్లు లేవు. పగడపు దిబ్బలకు గలుగు హానినిగూర్చి ముందుగా విచారణయు లేదు. ప్రజాభిప్రాయమును గైకొనవలెనని జనులు ఇరువదివేల సంతకములతో అర్జీ పెట్టుకొనగా, చేవ్రాళ్లు సరిగా లేవని ప్రభుత్వము సుమారు ఎనిమిదివేలను కొట్టివేసెను. అర్జీలను త్రోసిపుచ్చుటకు ఏ సర్కారునకైనను సాకు దొరకకపోదు గదా! 2012లో జనులు తామే ఓటు జరుపుకొనిరి. నూటికి 96గురు వలదనిరి. 2013లో సుప్రీంకోర్టు ఆ ఒడంబడికలు చెల్లవని తీర్పుచెప్పెను. 2018లో శాసనముచే సముద్రమున చమురుపనులు నిలిచిపోయినవి. ఆ నిషేధమును తొలగింపవలెనన్న జనుల ఓటు కావలెనని 2022లో మరియొక శాసనము వచ్చెను. మంత్రి చేతికి తగిన కళ్లెమే యిది. అయితే నేలమీది బావులకు నీ నిషేధము వర్తింపదు. అచటి లైసెన్సులకును జనసమ్మతి యుండవలెనని మా యభిప్రాయము.