పెద్దాపురం పేరెత్తి నవ్వేవాళ్లకు

ఈ కాలప్పిల్లలకు జోకులు పడటం లేదట. ఏమన్నా మనోభావాలు దెబ్బతింటున్నాయట. మా గోదావరి జిల్లాల్లో పెద్దమనుషులు తెగ వాపోతున్నారు. అమెరికాలో కమెడియన్లు క్రిస్ రాక్ 2014లో, జెర్రీ సైన్‌ఫెల్డ్ 2015లో కాలేజీ ప్రేక్షకుల మీద ఇలాగే విసుక్కున్నారు. ఆ ఫిర్యాదునే ఎత్తుకొచ్చి మన పిల్లల నెత్తిన రుద్దుతున్నారు. నేను ఒప్పుకోను. మన కాలేజీల్లో హాస్యానికి సంకెళ్లున్న మాట నిజమే. అవి వేసింది మాత్రం పిల్లలు కాదు.

వార్షికోత్సవంలో స్కిట్ వేయాలంటే ముందే లెక్చరర్‌కి స్క్రిప్టు చూపించాలి. అందులో ఏం కొట్టేస్తారో స్కిట్లు రాసే ఏ కుర్రాడినైనా అడగండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని హాల్‌టికెట్ ఆపిన ఆఫీసు మీద మాటుంటే కొట్టేస్తారు. ముఖ్య అతిథిగా వచ్చే ఎమ్మెల్యే మీద చెణుకుంటే కొట్టేస్తారు. ఫ్లెక్సీల మీద వేసుకునే ప్లేస్‌మెంట్ అంకెల జోలికి పోనివ్వరు, మేనేజ్‌మెంటు వారి కులం ఊసు అసలే ఎత్తనివ్వరు. ఇక మిగిలేదేమిటి? చీర కట్టిన కుర్రాడిని నలుగురు కలిసి తన్నడం, నత్తివాడు, నల్లపిల్ల, లావుపాటి ఆంటీ, హిజ్రా. వాటికి ముందు వరసలో కూర్చున్న ప్రిన్సిపాలుగారు కూడా పగలబడి నవ్వుతారు. ఎవరి మనోభావాలకు కాపలా ఉందో, ఎవరివి చవకో అక్కడే తేలిపోతుంది.

వీటన్నిటిలోకీ నా కడుపు మండించేది పెద్దాపురం జోకు. క్లాసులో కొత్తగా చేరిన అమ్మాయి లేచి తన ఊరు పెద్దాపురం అని చెప్పగానే వెనక బెంచీలో కిసుక్కుమంటారు. ఆ పిల్ల నాలుగేళ్ల చదువూ ఆ నవ్వు కిందే సాగుతుంది. కొందరైతే ఊరడిగితే సామర్లకోట దగ్గరని చెప్పి తప్పించుకుంటారు. వత్సవాయి రాజుల పాలన చూసిన ఊరు, మరిడమ్మ జాతరకు జనం విరగబడే ఊరు, పట్టు నేసే ఊరు. ఆ పేరు వినపడగానే కన్నుగీటడం సినిమాలు ఏళ్ల తరబడి నేర్పాయి, కాలేజీలు దాన్ని వేదికెక్కించాయి.

ఆ కన్నుగీటు వెనకున్నది అక్కడి కళావంతుల ఇళ్ల మీద వేసిన వేశ్యావాటిక ముద్ర. అసలు ఎవరిని చూసి నవ్వుతున్నారు? ఈ డెల్టాలో పదాలు, జావళీలు, భామాకలాపం దేవదాసీలుగా ఆటపాటలే వృత్తిగా ఉన్న కళావంతుల ఇళ్లలో బతికాయి. ఆ ఆడవాళ్ల విద్యను జమీందార్లూ మోతుబరులూ ముందు కూర్చుని అనుభవించారు. పెళ్లిళ్లలో వాళ్ల మేళం లేకపోతే పరువు తక్కువన్నారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ వ్యవస్థను చట్టంతో నిషేధించింది. ఆడవాళ్లకు మిగిలింది నింద. ఆ గుమ్మాలెక్కిన మగాళ్లు ఈ జిల్లాల్లో ప్రతి ఊరి నుంచీ వచ్చారు కదా, ఆ ఊళ్ల పేర్ల మీద ఒక్క జోకైనా ఎందుకు పుట్టలేదు?

హాస్యమంటే ఇంతేనని నాకు చెప్పకండి. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. అది ప్లీడర్ల మోసాలనూ కోర్టుల భాగోతాన్నీ ఎండగట్టిన నాటకం. ప్లీడరంటే ఊళ్లో చేతులు కట్టుకుని నిలబడే రోజుల్లో కుర్రాళ్లు వేషాలు కట్టి వాళ్లను నిలదీశారు. అంతకుముందే ‘హాస్య సంజీవని’లో, పండుముసలి పసిపిల్లను పెళ్లాడటాన్ని ప్రహసనంగా రాసి ఆయన ఊరి పెద్దల గుట్టు బజారుకీడ్చారు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం చేయించినప్పుడు విద్యార్థులు ఆయనకు అండగా నిలిచారు. నవ్వడం నేర్చిన కుర్రాళ్లకు ఆ తెగువ వచ్చింది. అదే వీరేశలింగం కళావంతుల భోగంమేళాల మీద కలమెత్తినప్పుడు పోషించిన మగాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువ దెబ్బ తగిలిందని నేను గట్టిగా నమ్ముతాను. ఎంత గొప్పవాడైనా సరే, తప్పు తప్పే.

కులం మీద జోకులు కూడా సరదాకేనంటారు. 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు కలుపుతున్నారని అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. ఆ ఊళ్లో చదువుకుంటున్న దళిత కుర్రాడి ముందు రిజర్వేషన్ జోకు వేసి, నవ్వలేదేం అని అడగడానికి సిగ్గుండాలి.

మరి పోలీసుల్ని పిలుద్దామా? వద్దు. పిలిస్తే వాళ్లు ఎవరి తరఫున వస్తారో చూశాం. 2012లో జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్ర అక్కడి ముఖ్యమంత్రి మీద కార్టూను పంపినందుకు అరెస్టయ్యారు, కేసు నుంచి బయటపడేసరికి 2023 వచ్చింది. మన రాష్ట్ర పోలీసులే 2017లో సోషల్ మీడియాలో రాజకీయ వ్యంగ్యం పెట్టినందుకు ఇంటూరి రవికిరణ్‌ని పట్టుకుపోయారు. వెనక బెంచీ వెకిలితనం రోజూ ఒకే పిల్లను వేధించే దాకా వెళితే 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, అవమానించడాన్ని కూడా అది ర్యాగింగ్‌గానే లెక్కగట్టింది. దాన్ని వాడండి. వేదిక మీద మాటకు మాత్రం మాటే జవాబు.

అందుకే ప్రిన్సిపాళ్లను అడుగుతున్నాను. ఈసారి వార్షికోత్సవానికి స్క్రిప్టు చూపించమనే షరతు ఎత్తెయ్యండి. హాల్‌టికెట్ల మీద, ఫ్లెక్సీల మీద, ఎమ్మెల్యేగారి మీద, మీ మీద పిల్లలు ఆడుకోనివ్వండి. పెద్దాపురం జోకు వేస్తానని ఎవడైనా మొండికేస్తే వాడినీ ఎక్కనివ్వండి. అదే రాత్రి, అదే మైకు, అంతే సమయం పెద్దాపురం పిల్లకూ ఇవ్వండి. వాళ్ల అమ్మమ్మల గుమ్మం ముందు బళ్లు దిగిన పెద్దమనుషుల కథ ఆమె తన ఇష్టమొచ్చినట్టు ఆడి చూపిస్తుంది. ముందు వరసలో ఉన్నవాళ్లు కుర్చీల్లోంచి లేవకుండా చివరిదాకా చూడాలి.