ఒకే కథ, తరగతి మొత్తం: ఒకటి, రెండు తరగతుల ఉపాధ్యాయుల ప్రణాళిక

మేము ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒకటి, రెండు తరగతులకు చదువు చెప్పేవాళ్లం. ఇకనుంచి మా తరగతుల్లో రోజూ ఒక కథను పిల్లలందరూ కలిసి చదువుతారు. చదవడం రానివాళ్లను వెనక వరుసలో కూర్చోబెట్టి పలక మీద అక్షరాలు దిద్దించే పద్ధతిని మానేస్తున్నాం. గుణింతం పూర్తికాలేదన్న కారణంతో ఏ బిడ్డకూ కథ దూరం కాకూడదు. అక్షరాలు, ఒత్తులు ఓపికగా, వరసగా నేర్పుతాం. వాటికి వేరే గంట ఉంది.

కలిసి చదవడమంటే వల్లె వేయించడం కాదు. మేము ఒక ముక్క అనగానే పిల్లలంతా తిరిగి అంటే గది మారుమోగుతుంది, వరండాలో వెళ్లే అధికారికి ముచ్చటేస్తుంది. ఆ హోరులో పుస్తకం తలకిందులుగా పట్టుకున్న బిడ్డ కూడా చదువుతున్నట్టే ఉంటుంది. అందుకే కథను మొదట మేమే చదువుతాం, బొమ్మలు చూపించి మాట్లాడిస్తాం. తర్వాత అందరం కలిసి, ఆపైన వరసలవారీగా, జంటలుగా, చివరికి ఒక్కొక్కరు ఒక్కో వాక్యం. వారంలో ఒక్కసారైనా ప్రతి బిడ్డ గొంతూ విడిగా వింటాం. కలిసి చదివేటప్పుడు మా చూపు పిల్లల పెదవుల మీద ఉంటుంది. పక్కవాడు అన్న తర్వాతే కదిలే పెదవులు ఎవరివో ఆ పూటే గుర్తు పెట్టుకుంటాం.

పెద్ద అక్షరాల పుస్తకాన్ని పిల్లల మధ్య నిలబెట్టి అందరితో చదివించే పద్ధతికి న్యూజిలాండ్ విద్యావేత్త డాన్ హోల్డవే 1970ల్లో రూపమిచ్చారు. దాన్ని మన లిపికి తగ్గట్టు మలుచుకోవాలి. తెలుగులో గుడి అక్షరం నెత్తిన, ఒత్తు కాళ్ల దగ్గర ఉంటాయి. చదివే చోటు చూపించే పుల్లను అక్షరానికి ఆనిస్తే ‘పుస్తకం’లో త ఒత్తు చాటున పడి, బిడ్డ ‘పుసకం’ అంటాడు. పుల్ల ఒత్తుకు కూడా దిగువనే నడవాలి. అందుకు చోటుండేలా అచ్చువేసేవాళ్లు వరసల మధ్య ఎడం పెంచాలి.

కోయ, గోండి, సవర, లంబాడీ మాట్లాడుతూ బడికొచ్చిన బిడ్డ కథ గురించి ముందు తన భాషలోనే చెబుతాడు. మాకు ఆ భాష రాకపోతే పై తరగతి పిల్లల్ని అడిగి తెలుసుకుంటాం. అర్థం తెలియకుండా గడగడా అప్పజెప్పితే దాన్ని చదవడం కింద లెక్కవేయం.

2021 జూలైలో మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ గానీ, 2022లో తెలంగాణ తెచ్చిన తొలిమెట్టు కార్యక్రమం గానీ కోరేది చిన్న తరగతుల్లోనే ప్రతి బిడ్డకూ చదవడం రావాలనే. మేమూ అదే కోరుతున్నాం. కాబట్టి విద్యాశాఖను రెండే అడుగుతున్నాం. కథ చదివే పొద్దుటి మొదటి గంటలో మాకు ఫోన్ చేసి ఏ వివరాలూ అడగకండి, ఏ ఫొటోలూ ఎక్కించమనకండి. రెండోది బీరువాల్లో తాళంలో ఉన్న కథల పుస్తకాల సంగతి. చిరిగితే జవాబు చెప్పాలన్న భయంతోనే అవి బయటికి రావడం లేదు. పిల్లల చేతుల్లో నలిగి చిరిగిన పుస్తకాన్ని స్టాక్ రిజిస్టరులో ‘వాడకంలో చిరిగింది’ అని రాసుకోవచ్చని ఉత్తర్వు ఇవ్వండి. ఆ రోజే తాళాలు తీస్తాం.