ఆలస్యం తుడుముది కాదు!

అల్లూరి సీతారామరాజు జిల్లా ముంచింగిపుట్టు నుంచి ఒక కుర్ర అభిమాని ఉత్తరం రాశాడు. స్నేహితులంతా కలిసి ఊళ్ళో థింసా పాటను లాప్‌టాప్‌లో రికార్డు చేశారట. డప్పు ఒక ట్రాకు, తుడుము ఒక ట్రాకు, మోరి ఇంకో ట్రాకు. విన్నప్పుడు భేషుగ్గా ఉందట. మిక్సింగుకు కూర్చుని తుడుముకు కాస్త మెరుగులు దిద్దేసరికి తాళం జారిపోయిందట. "పెద్దాయన చెయ్యి వెనకబడుతోంది, ఆ ట్రాకు తీసేసి కంప్యూటర్ లూపు పెట్టేద్దామంటున్నారు మావాళ్ళు. మీరేమంటారు?" అని ప్రశ్న.

ఆగండి బాబూ, ఆగండి! పెద్దాయన్ని పక్కన పెట్టేముందు కంప్యూటర్ని నిలదీయండి. మెరుగులు దిద్దక ముందు సరిగ్గా ఉన్న తాళం, దిద్దాక జారిందంటే తప్పెవరిది?

ప్లగిన్ అంటే, ఒకప్పుడు స్టూడియోలో బీరువాలంత ర్యాకుల్లో ఉండే యంత్రాల పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాము. 1996లో స్టెయిన్‌బర్గ్ కంపెనీ వీఎస్‌టీ పద్ధతి తెచ్చాక ఇవి మామూలు కంప్యూటర్లలోకీ దిగాయి. అయితే కొన్ని ప్లగిన్లు శబ్దాన్ని వచ్చింది వచ్చినట్టు పంపించవు. లిమిటర్ ఉందనుకోండి, రాబోయే పెద్ద దెబ్బను ముందే చూసి సర్దుకోవాలి. చూడాలంటే శబ్దాన్ని కాసేపు ఆపి ఉంచాలిగా! లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్ మరీ నిదానస్తుడు. సెకనుకు 48,000 శాంపిళ్ళ రికార్డింగులో అది 2,048 శాంపిళ్ళు ఆపిందంటే దాదాపు 43 మిల్లీసెకన్లు. అంతసేపట్లో ధ్వని గాలిలో పదిహేను మీటర్ల దాకా నడుస్తుంది. అంటే తుడుము వాయించే ఆయన్ను తీసుకెళ్ళి పదిహేను మీటర్ల అవతల నిలబెట్టినట్టే! థింసా ఆడేవాళ్ళ అడుగులు తడబడవూ మరి?

దీనికి విరుగుడే ప్లగిన్ డిలే కాంపెన్సేషన్. ప్రతి ప్లగినూ 'నాకింత ఆలస్యం' అని సాఫ్ట్‌వేరుకు చెప్పుకుంటుంది. అందరికన్నా ఆలస్యమయ్యేవాణ్ణి చూసి, మిగతా ట్రాకులన్నిటినీ సాఫ్ట్‌వేరు అంతే ఆపుతుంది. పెళ్ళివారి జీపులు ఆఖరి జీపు వచ్చేదాకా ఘాట్ రోడ్డు మొదట్లో ఆగి, అన్నీ కలిసి కదిలినట్టన్నమాట. పేరున్న ప్రో టూల్స్‌లోనే, ప్రత్యేక కార్డులు లేని మామూలు కంప్యూటర్లకు ఈ సదుపాయం 2010లో తొమ్మిదో వెర్షనుతోగాని రాలేదు. అంతవరకు లెక్క కట్టి ట్రాకులు చేత్తో జరుపుకోవడమే.

ఆ మాటకొస్తే సినిమాకిది పాత చిక్కే. 35 ఎం.ఎం. రీలులో బొమ్మా, దాని మాటా పక్కపక్కన ఉండవు. ప్రొజెక్టర్లో బొమ్మ వెలిగేది ఒకచోట, శబ్దం చదివే సౌండ్ హెడ్ దానికి దిగువన ఇంకోచోట. అందుకని ప్రింటులో శబ్దాన్ని 20 ఫ్రేములు ముందుకు జరిపి అచ్చువేసేవారు. సెకనుకు 24 ఫ్రేములు గనుక ముప్పావు సెకనుకు పైమాటే! ఆపరేటర్ ఫిల్ము ఎక్కించడంలో చుట్టు ఎక్కువ తక్కువ చేశాడా, హీరో పెదవులు ఒక దారి, డైలాగు ఒక దారి. నేల క్లాసులో ఈలలే ఈలలు!

కాంపెన్సేషన్ ఉన్నంతమాత్రాన అంతా సర్దుకుంటుందనుకోకండి. గాయని హెడ్‌ఫోన్ పెట్టుకుని పాడుతోందనుకోండి. ఆమె ఇంకా పాడని స్వరాన్ని ముందే తెచ్చే మంత్రం ఏ సాఫ్ట్‌వేరుకీ రాదు. తన గొంతు తనకే ఆలస్యంగా వినిపించి శ్రుతీ లయా రెండూ చెడతాయి. అందుకే రికార్డు చేసేటప్పుడు బరువైన ప్లగిన్లు తీసేసి, బఫర్ 64కో 128కో తగ్గించుకోవాలి.

ఇంకో చిక్కు, ఒకే తుడుముకు రెండు మైకులు పెట్టినప్పుడు. ఒకటి ఒక్క మిల్లీసెకను వెనకబడినా చాలు, 500 హెర్ట్‌జ్ దగ్గర రెండూ కొట్టుకుని శబ్దం డొల్లబోతుంది. తాళం తప్పినట్టు తెలియదు, ప్రాణం పోయినట్టు మాత్రం తెలుస్తుంది.

కొన్ని ప్లగిన్లు ఆలస్యాన్ని తప్పుగా చెబుతాయి కూడా. పట్టుకోవడానికో ఉపాయం ఉంది. ముందు సెట్టింగుల్లో కాంపెన్సేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత తుడుము ట్రాకుకు నకలు తీసి, దానికి ఆ ఈక్వలైజర్ తగిలించి, మీటలన్నీ సున్నా దగ్గర ఉంచండి. పొలారిటీ తిప్పి రెండూ కలిపి వినండి. నిశ్శబ్దమైతే లెక్క కుదిరినట్టు. శబ్దం మిగిలిందా, దొంగ దొరికినట్టే! అప్పుడు ఆ ట్రాకును అన్ని శాంపిళ్ళూ ముందుకు జరపండి, లేదా ప్లగిన్ మార్చండి.

లూపు ఎన్నిసార్లు తిప్పినా ఒకేలా కొడుతుంది. ఆడేవాళ్ళ అడుగు చూసి జోరు పెంచడం దానికి తెలీదు. ఆ విద్య చేతిలో ఉన్నవాణ్ణి, మెనూలో ఒక మీట నొక్కడం మరిచిన పాపానికి పాటలోంచి తీసేస్తామా?